తంతి ఆఫీసు పోయింది, తంతి చట్టం చేలోనే ఉంది

(మండల స్థాయి శిక్షణా తరగతిలో ఇచ్చిన ఉపన్యాసం. ఫోన్లో రికార్డు చేసినదాన్ని విని రాసి, కొంత కుదించి ఇస్తున్నాం.)



నాకు ఇచ్చిన అంశం హైటెన్షన్ లైన్లు, రైతు హక్కులు. నేను మాత్రం బెంగాల్లో ఒక చిన్న ఊరి తంతి ఆఫీసు దగ్గర మొదలుపెడతాను. పక్కదారి పట్టాడనుకోకండి. మీ చేలో టవరు కాళ్లు పాతడానికి వచ్చినవాణ్ణి ఏ హక్కుతో వచ్చావని అడిగితే ఒక కాగితం చూపిస్తాడు. అందులో ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం, 1885 అని ఉంటుంది. కరెంటు తీగకీ టెలిగ్రాఫ్ చట్టానికీ సంబంధం ఏమిటి? ఈ దేశంలో టెలిగ్రాం ఆగిపోయి పదేళ్లు దాటింది. 2013 జూలై 14 రాత్రితో ఆఖరి తంతి అయిపోయింది. తంతి పోయాక తంతి చట్టం మన మినప చేలోకి ఎలా వచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం తొలిచింది. నేను పదో తరగతితో ఆపినవాణ్ణి. అయినా దొరికిన పుస్తకమల్లా చదివి, తెలిసినవాళ్లని అడిగి, కొంత కూడగట్టుకున్నాను. అదే చెబుతాను.

ఆ ఊరి పేరు ఖేజురి. ఇంగ్లీషువాళ్లు కెడ్జెరీ అని రాసుకున్నారు. హుగ్లీ నది సముద్రంలో కలిసే చోట, పడమటి గట్టున, ఇప్పటి తూర్పు మేదినీపూర్ జిల్లాలో ఉంది. ఖేజుర్ అంటే బెంగాలీలో ఖర్జూరం, ఆ పేరులోనే ఈతచెట్టు వినపడుతుంది. దాని పక్కనే తాళ్పాటి కాలువ, కాలువ అవతల నందిగ్రామ్. నందిగ్రామ్ పేరు మీకు చెప్పక్కర్లేదు. 2007 మార్చి 14న భూముల కోసం నిలబడ్డవాళ్ల మీద కాల్పులు జరిగి పద్నాలుగు మంది చనిపోయిన చోటు. ఆ కాలువ ఇవతలి గట్టు ఊరే మన కథలోది.

ఓడలు కలకత్తా దాకా పోవాలంటే హుగ్లీలో ఇసుక మేటలు తప్పించుకుంటూ పోవాలి, రోజులు పడుతుంది. అందుకని పెద్ద ఓడలు ఖేజురి దగ్గర లంగరు వేసేవి. అక్కడ కంపెనీవాళ్ల తపాలా కచేరీ ఉండేది. ఓడలో వచ్చిన ఉత్తరాలు దించుకుని, తేలికపాటి పడవల్లో కలకత్తాకి పరుగెత్తించేవాళ్లు. ఇంగ్లండు వెళ్లేవాళ్లూ అక్కడే ఓడ ఎక్కేవాళ్లు. 1830లో రామమోహన్ రాయ్ అలా వెళ్లినవాడే. ఆ పాత తపాలా కచేరీ మొండిగోడలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు తంతి సంగతికి వస్తాను. కలకత్తా మెడికల్ కాలేజీలో ఓషానెస్సీ అని ఒక ఐరిష్ డాక్టరు రసాయన శాస్త్రం చెప్పేవాడు. కలరా రోగి ఒంట్లోంచి నీరూ ఉప్పూ పోతున్నాయి, వాటిని తిరిగి ఎక్కించాలి అని కనిపెట్టి చెప్పినవాళ్లలో ఆయన ఒకడు. మన ఊళ్లో ఆర్.ఎం.పి. సెలైన్ పెట్టినప్పుడల్లా ఆయనకి ఒక నమస్కారం పెట్టొచ్చు. 1839లో ఆయన కలకత్తా పక్కన బొటానికల్ గార్డెన్లో వెదురు గడలు పాతి, వాటి మీద మైళ్ల పొడుగున తీగ లాగి, కరెంటుతో కబురు పంపించి చూపించాడు. కంపెనీ దొరలు పట్టించుకోలేదు. పదకొండేళ్లు ఊరుకున్నారు. ఊరుకున్నవాళ్లు 1850లో ఎందుకు కదిలారంటే, అప్పటికి గవర్నర్ జనరల్ డల్హౌసీ. రాజ్యాలు మింగే పనిలో ఉన్నాడు. మింగినదాన్ని అరిగించుకోవాలంటే కబురు తొందరగా అందాలి.

1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా మొదటి లైను పడింది. మరుసటేడు అది హుగ్లీ దాటి, హల్దీ నది దాటి ఖేజురి చేరింది. కొమ్మలతో కలిపి మొత్తం 82 మైళ్లు. దేశంలో మొదటి తంతి లైను అదే. కలకత్తా తర్వాత తంతి కచేరీ చూసింది ఢిల్లీ కాదు, మద్రాసు కాదు, నది ఒడ్డున నాలుగు చిన్న ఊళ్లు. ఎందుకంటే వాళ్లకి కావలసింది ఊరి కబురు కాదు, ఓడ కబురు. ఏ ఓడ వచ్చింది, ఏ సరుకు దిగుతుంది, నల్లమందు ధర ఏమిటి, లండన్ ఉత్తరాల్లో ఏముంది, ఇవీ వాళ్లకి కావలసినవి.

ఆ లైను ఎలా వేశారో చెబితే మీకు ముచ్చటేస్తుంది. ఇప్పుడున్న సన్నతీగ కాదది. ఇనుప కడ్డీ, అంగుళంలో మూడు ఎనిమిదో వంతుల మందం. మైలుకి టన్ను ఇనుము. కొంతభాగం స్తంభాల మీద పోతే కొంతభాగం భూమిలో పూడ్చారు. పూడ్చేటప్పుడు కడ్డీకి మద్రాసు బట్టని కరిగిన కీలులో తడిపి రెండు వరసలు చుట్టారు. ఇంటికప్పు పెంకులు బోర్లా తిప్పి వరసగా పేర్చి, వాటిల్లో ఇసుకా గుగ్గిలమూ కలిపి కరిగించి పోసి, అందులో కడ్డీ పడుకోబెట్టారు. చూడండి, బట్ట మన తీరం సాలెవాళ్లు నేసిన రకం, పెంకు కుమ్మరిది, ఇసుక ఏటిది. దొర తెచ్చింది లెక్క ఒక్కటే.

లెక్క కూడా పూర్తిగా దొరది కాదు. ఓషానెస్సీ దగ్గర శివచంద్ర నంది అని ఒక బెంగాలీ కుర్రవాడు ఉండేవాడు. కలకత్తా టంకశాలలో పనికి కుదిరినవాడు. పనిముట్టు పట్టుకుంటే వదిలేవాడు కాదట. డైమండ్ హార్బర్ చివర నుంచి మొదటి సంకేతం పంపింది ఈయనే. ఇవతల కలకత్తాలో ఓషానెస్సీ అందుకున్నాడు. తర్వాత వందల మైళ్ల లైన్లు ఈయనే వేయించాడు. ఇనుప స్తంభాలకి ఖర్చెక్కువని తాటి మానులు పాతించాడు. పద్మా నది అడుగున ఏడు మైళ్ల తీగ పరచాల్సి వస్తే, స్టీమరు వాళ్లు పదివేలు అడిగారు. ఈయన జాలర్ల పడవలు తీసుకుని పని కానిచ్చేశాడు. కలకత్తాలో ఆయన పేర ఒక వీధి ఉంది. మన బడి పుస్తకాల్లో మాత్రం నేను ఆయన పేరు చదవలేదు. మీ పిల్లలకి చెప్పండి.

ఖేజురి లైను పడ్డ కొద్దికాలానికే అది ఎందుకు పనికొస్తుందో తేలింది. 1852లో బర్మా మీద రెండో యుద్ధం. ఏప్రిల్ 14న రంగూన్ పడింది. ఆ కబురు తెచ్చిన ఓడ ఇంకా ఖేజురి దగ్గర నదిలో ఉండగానే, వార్త కలకత్తాలో డల్హౌసీ చేతికి వెళ్లింది. ఇక ఆయన ఆగుతాడా? దేశమంతా తీగలు వేయాలన్నాడు. 1854 మార్చిలో ఆగ్రా నుంచి కలకత్తాకి ఎనిమిది వందల మైళ్ల దూరం కబురు నడిచింది. 1856లో డల్హౌసీ ఓడెక్కి వెళ్లేనాటికి దేశంలో దాదాపు నాలుగు వేల మైళ్ల తీగ ఉంది. కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు అన్నీ కలిసిపోయాయి. ఆ మధ్యలోనే, 1853లో, నిజాం దగ్గర బీరారు పత్తి నేలలు తీసుకున్నారు. తీగా పత్తీ కలిసే నడిచాయి.

1855 ఫిబ్రవరిలో తంతి జనానికి తెరిచామన్నారు. ధర ఎంతో తెలుసా? పదహారు మాటలకి, నాలుగు వందల మైళ్ల లోపు, ఒక రూపాయి. ఆనాటి రూపాయి కూలివాడికి ఎన్నో రోజుల కష్టం. తెరిచిన తలుపులోంచి ఎవరు దూరారో వేరే చెప్పాలా? పత్తి షావుకార్లు దూరారు.

పత్తి మాట వచ్చింది కాబట్టి ఇదొక్కటి చెప్పి ముందుకు పోతాను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. లాంకషైరు మిల్లులకి అక్కడి పత్తి ఆగిపోయింది. మన దేశపు పత్తికి బంగారం ధర పలికింది. 1865లో పర్షియన్ గల్ఫ్ మీదుగా లండన్‌కి తంతి కలిసింది. అదే ఏడు అమెరికా యుద్ధం ముగిసింది, ధర కూలింది. బొంబాయిలో పెద్ద పెద్ద వ్యాపారులే దివాలా తీశారు. తీగ దగ్గర కూర్చున్నవాడే మునిగితే, లివర్‌పూల్ ఎక్కడుందో తెలియక ఎక్కువ నేల పత్తికి తిప్పిన రైతు సంగతి ఊహించుకోండి. ఇవాళ మన ఫోన్లో కూడా రేటు వస్తుంది. గుంటూరు యార్డులో మిర్చి రేటు పొద్దున్నే చూస్తాం. అయితే చూసి ఏం చేస్తాం? టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకునే స్తోమత ఉన్నవాడికి రేటు తెలిస్తే లాభం. అప్పు తీర్చాల్సినవాడికి రేటు తెలిస్తే కడుపుమంట. తెలియడం ఒకటి, ఆగగలగడం ఒకటి.

ఖేజురి సంగతి ఏమైందంటారా? 1864 అక్టోబరు 5న ఘోరమైన తుపాను వచ్చింది. ఉప్పెన హుగ్లీ ముఖద్వారాన్ని ముంచేసింది. చనిపోయినవాళ్లు యాభై అరవై వేలంటారు. ఖేజురి రేవు ఆ దెబ్బతో పోయింది. నది కూడా దారి మార్చుకుంది. ఓడలు ఆగడం మానేశాయి. దేశంలో మొదటి తంతి వరసలో ఉన్న ఊరు పన్నెండేళ్లలో మళ్లీ మామూలు పల్లె అయిపోయింది. ఇంకో నెల తిరక్కుండానే, నవంబరు 1 రాత్రి, మన బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. ముప్పై వేల మంది పోయారు. బందరు కూడా ఆ తర్వాత మునుపటి రేవు కాలేదు. బెంగాలు తీరమూ మన తీరమూ ఒకే ఏడాది, ఒకే నెల రోజుల్లో అలా అయ్యాయి. మన కృష్ణా జిల్లావాళ్లకి ఇది గుర్తుండాలి.

1865లో తంతి ద్వారా తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేశారు. ఎవరికి? కలకత్తా రేవులో ఓడలకి. పల్లెకి చెప్పే ఏర్పాటు రాలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఏం జరిగిందో ఇక్కడ నలభై ఏళ్లు దాటిన వాళ్లందరూ ఇళ్లల్లో విన్నవాళ్లే, కొందరు చూసినవాళ్లే. హెచ్చరిక ఉండటం వేరు, అది లంకలో పాకలో పడుకున్నవాడి చెవిలో పడటం వేరు.

1942లో అదే మేదినీపూర్‌లో జనం స్తంభాలు పడగొట్టి, తీగలు తెంచారు. సెప్టెంబరు 29న తమ్లుక్‌లో మాతంగినీ హజ్రా జెండా పట్టుకుని తూటాలకి ఎదురు వెళ్లింది. అక్కడికి పదిహేడు రోజులకి, అక్టోబరు 16న, మళ్లీ తుపాను. వార్త కొన్నాళ్లు పత్రికల్లోకి రానివ్వలేదు సర్కారు. మరుసటేడు బెంగాల్ కరువు. మన దగ్గర కూడా అంతే, కర్నూలు సర్క్యులర్ అని కాంగ్రెసువాళ్లు రాసుకున్న కార్యక్రమంలో తంతి తీగలు తెంచడం ఉంది. ఆగస్టు 12న తెనాలిలో ఏడుగురు కాల్పుల్లో పోయారు. రణరంగ చౌక్‌లో ఇప్పటికీ ఆ స్తూపాలున్నాయి. రైతు కొడుకు తంతి తీగని ఎందుకు తెంచాడు? అది తన చేలోంచి పోతున్నా తనది కాదని వాడికి తెలుసు.

అలాగని తంతి మనకి అస్సలు పనికిరాలేదని నేననను. నిజమే, ఊళ్లోకి తంతి వచ్చిందంటే విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి. కానీ ఉద్యమంలో దానికి ఇంకో విలువుండేది. మనవాణ్ణి రాత్రిపూట స్టేషనుకి ఎత్తుకుపోతే, తెల్లారేలోపు మేజిస్ట్రేటుకీ హైకోర్టుకీ తంతి కొట్టేవాళ్లం. రసీదు మీద టైము పడుతుంది. తర్వాత రికార్డులో రెండ్రోజుల తర్వాత పట్టుకున్నట్టు రాసుకున్నా ఆ రసీదు అబద్ధాన్ని పట్టిచ్చేది. వాట్సాప్ మెసేజీకి ఆ బలం లేదు. అందుకే నేను ఇప్పటికీ ఏ అర్జీ అయినా స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫైల్లో గుచ్చుతాను.

ఇక చట్టానికి వద్దాం. తీగలు వేశాక 1854లోనే తంతికి చట్టం చేశారు. అదే పెరిగి పెరిగి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అయింది. దాని పదో సెక్షన్ ఏమంటుందంటే, తంతి అధికారి ఎవరి భూమిలోనైనా, కిందుగా గానీ మీదుగా గానీ, తీగ లాగవచ్చు, స్తంభం పాతవచ్చు. భూమి కొనక్కర్లేదు. సేకరణ నోటిఫికేషన్ అక్కర్లేదు. భూమి మీదే, వాడకం మాత్రం వాళ్లది. స్వతంత్రం వచ్చాక కూడా అలాగే ఉంచారు. 2003లో విద్యుత్ చట్టం తెచ్చినప్పుడు 164వ సెక్షన్ పెట్టారు. ప్రభుత్వం రాతపూర్వకంగా ఆర్డరిస్తే, తంతి అధికారికి ఉన్న అధికారాలన్నీ కరెంటు లైను వేసేవాడికి వస్తాయి. తాటిమాను పాతడానికి రాసిన చట్టంతో నాలుగు కాళ్ల ఇనుప టవరు పాతుతున్నారు.

2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది, పాత టెలిగ్రాఫ్ చట్టం రద్దు అన్నారు. సంబరపడకండి. ఆ కొత్త చట్టంలోనే ఒక ముక్క ఉంది. 164 కింద వేసే కరెంటు లైన్ల విషయంలో పాత చట్టం మూడో భాగం రద్దు కానట్టే నడుస్తుందని. అంటే తంతికి చచ్చిపోయిన చట్టం రైతుకి మాత్రం బతికే ఉంది.

మా ఊళ్లో లైను వేసినప్పుడు మినుము కాయ మీద ఉంది. నోటీసు లేదు, కబురు లేదు, పొద్దున్నే జేసీబీ దిగింది. అడిగితే ఒక జిరాక్సు చూపించి "గవర్నమెంటు ఆర్డరు" అన్నాడు కాంట్రాక్టరు మనిషి. చదవబోతే లాక్కున్నాడు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఏ సంస్థ అయినా ఇదే పద్ధతి. ఆ రోజు అడగాల్సినవి ఇప్పుడు మీకు చెబుతాను, రాసుకోండి.

మొదట 164 ఆర్డరు చూపించమనండి. అది మీ లైను పేరు మీద ఉందా లేదా చూడండి. ఆ ఆర్డరు లేకపోతే 2006 నాటి లైసెన్సీల పనుల నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం యజమాని ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే కలెక్టరు రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. ఆర్డరు ఉన్నా సరే, పదో సెక్షన్లోనే మనకి రెండు పట్టుకొమ్మలున్నాయి. వీలైనంత తక్కువ నష్టం చేయాలి, జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. ఎవరికి? సంబంధం ఉన్న వాళ్లందరికీ. యజమానికి అని మాత్రమే లేదు. కౌలు రైతులు ఈ మాట గట్టిగా పట్టుకోండి. పంట మీది, పోయింది మీ పెట్టుబడి. సాగు హక్కు కార్డు ఉంటే అది పెట్టండి, లేకపోతే పంచనామాలో మీ పేరు రాయించండి. పంచనామా పంట పోకముందు జరగాలి. దున్నేశాక వచ్చి ఇక్కడ గడ్డి ఉందని రాస్తారు.

మీరు అడ్డుకుంటే 16వ సెక్షన్ కింద వాళ్లు కలెక్టరు దగ్గరికి వెళతారు. అక్కడ మీ మాట కూడా వినమని అడగండి. లైను పక్క గట్టు మీదుగా పోతే ఎన్ని చెట్లు, ఎంత చేను మిగులుతుందో కొలిచి నక్షా మీద గీసి ఇవ్వండి. ఊరికే వద్దు అంటే చెల్లదు, ఇలా పొమ్మంటే వినక తప్పని సందర్భాలుంటాయి. పరిహారం చాలదనుకుంటే అదే సెక్షన్ కింద జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టండి.

ఎంత రావాలి? 2015లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలిచ్చింది. టవరు కాళ్ల నేలకి భూమి విలువలో 85 శాతం, తీగ కింద నేలకి 15 శాతం మించకుండా. 2024 జూన్‌లో వాటిని మార్చి టవరు నేలకి 200 శాతం, పల్లెల్లో తీగ కింద నేలకి 30 శాతం అన్నారు. పంట, చెట్ల నష్టం దీనికి అదనం. టవరు నేల అంటే నాలుగు కాంక్రీటు దిమ్మెల చోటు కాదు, కాళ్ల మధ్యలో పడ్డ నేలంతా. ఇవి మార్గదర్శకాలు, రాష్ట్రం తనవిగా తీసుకోవాలి. కలెక్టరేటులో సమాచార హక్కు కింద మన రాష్ట్రం జీవో కాపీ అడగండి. ఏ రేటు ప్రకారం లెక్క కట్టారో రాతలో ఇమ్మనండి.

తీగ కింద నేల అంటే చిన్న విషయం కాదు. 220 కేవీ లైనుకి 35 మీటర్ల వెడల్పు తీసుకుంటారు. మీ చేలో రెండు వందల మీటర్ల పొడుగున పోయిందనుకోండి, ఏడు వేల చదరపు మీటర్లు. ఎకరా 73 సెంట్లు. అందులో వరి వేసుకోవచ్చు, మినుము వేసుకోవచ్చు. కొబ్బరి పెట్టలేరు, పామాయిల్ పెట్టలేరు, మామిడి ఎదగనివ్వరు, ఇల్లు కట్టనివ్వరు. బ్యాంకువాడు విలువ తగ్గిస్తాడు. కొనేవాడు పైకి చూసి వెళ్లిపోతాడు. పాసుపుస్తకంలో మాత్రం మొత్తం మీ పేరే ఉంటుంది.

కరెంటు వద్దని మనమెవరం అనడం లేదు. మోటార్లు నడిచేది దాంతోనే. కానీ రైలుకి భూమి తీసుకుంటే కొంటారు, రోడ్డుకి తీసుకుంటే కొంటారు, టవరుకి మాత్రం అప్పు తీసుకున్నట్టు వాడుకుంటారు, తిరిగివ్వరు. తీగ ఉన్నన్నాళ్లూ ఏటా అద్దె కట్టమని మన సంఘం అడగాలని నా అభిప్రాయం. సెల్ టవరు పెట్టుకున్న ఇంటివాడికి అద్దె ఇస్తున్నారు కదా, చేనివాడికి ఎందుకివ్వరు? దీని మీద కమిటీలో చర్చ పెట్టమని అధ్యక్షులవారిని కోరుతున్నాను.

కొత్త లైను సర్వే రాళ్లు ఏ ఊళ్లో పడ్డాయో ఆ ఊరివాళ్లు భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. సమాచార హక్కు దరఖాస్తు నమూనా తెచ్చాను. సర్వే నంబరు, అడంగల్, చెట్ల లెక్క రాసుకుని రండి. కౌలుదారులు యజమాని రాకపోయినా సరే, వాళ్లు విడిగా రాసి ఇవ్వొచ్చు. ఫొటోలు తీసేటప్పుడు తేదీ కనపడేలా తీయండి.